మడ్ ఇల్లా, పిడ్ ఇల్లా, పాత ఊళ్ళో ఇల్లా: టెక్సాస్‌లో కొనేముందు చూసుకోవాల్సినవి

శనివారమంతా మోడల్ హోమ్‌లు తిరిగొచ్చి, ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద మూడు కాగితాలు పరుచుకుని కూర్చునే మనవాళ్ళు డాలస్‌లో ఏ వారం చూసినా ఉంటారు. ఒక కాగితం సెలైనా వైపు కొత్త కమ్యూనిటీది, ‘మడ్ ఉంది’ అన్నారు. ఇంకొకటి ప్రిన్స్‌టన్ వైపుది, ‘మడ్ లేదు, పిడ్ మాత్రమే’ అన్నారు. మూడోది ప్లేనోలో పాతికేళ్ళ నాటి ఇల్లు. అక్కడ మడ్డూ లేదు, పిడ్డూ లేదు, కానీ ధర ఎక్కువ, వంటగది ఇరుకు. హ్యూస్టన్ వాళ్ళకైతే కేటీ, ఫుల్‌షియర్, సియెనా పేర్లు పెట్టుకుంటే ఇదే బొమ్మ. మడ్, పిడ్ అంటే కొత్త కమ్యూనిటీలో పైపులు, రోడ్లకు చేసిన అప్పును అక్కడి ఇళ్ళ నుంచి వసూలు చేసే ప్రత్యేక డిస్ట్రిక్ట్‌లు.

అప్పుడు ఫోన్ చేసి అడిగేది ఒకటే: ‘అన్నా, రేటు ఎంతవరకు ఉంటే పర్వాలేదు?’ ఆ డిస్ట్రిక్ట్ పన్ను రేటు చూడాల్సిందే, కాదనను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ రేటును ఎవరు నిర్ణయిస్తారు? ఆ అప్పు ఎప్పటికి తీరుతుంది? ఈ రెండూ తెలియకుండా రేట్లు పోల్చడమంటే, ఎన్ని నెలలు కట్టాలో తెలియకుండా చిట్టీ పాడుకోవడమే.

అసలు ఈ డిస్ట్రిక్ట్ ఎందుకు పుడుతుంది?

వెయ్యి ఎకరాల మొక్కజొన్న చేను. నీళ్ళ పైపు లేదు, మురుగు లైను లేదు, రోడ్డు లేదు. దగ్గరున్న సిటీకి అంత దూరం పైపులు వేసే స్తోమత ఉండదు, ఉన్నా ఉన్నవాళ్ళ పన్నులతో కొత్తవాళ్ళకు వేయడానికి ఓటర్లు ఒప్పుకోరు. అందుకని డెవలపర్ ముందు తన డబ్బుతో వేస్తాడు. ఆ భూమి వరకు ఒక ప్రత్యేక డిస్ట్రిక్ట్ ఏర్పడుతుంది. ఇళ్ళు లేచాక ఆ డిస్ట్రిక్ట్ బాండ్లు అమ్మి డెవలపర్‌కు అతని ఖర్చు తిరిగి ఇస్తుంది. బాండ్ల అసలు, వడ్డీ ఆ ఇళ్ళలోకి వచ్చినవాళ్ళు, అంటే మనం, ఏళ్ళ తరబడి కడతాం.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని ‘మెయింటెనెన్స్’ అనుకుంటారు. కాదు. అక్కడి అసోసియేషన్‌కు ఇక్కడ సమానమైనది హెచ్‌ఓఏ, అది వేరే బిల్లు. డిస్ట్రిక్ట్ అనేది ప్రభుత్వమే, చిన్న ప్రభుత్వం. పన్ను వేయగలదు, అప్పు చేయగలదు, కట్టకపోతే ఇంటి మీదికి రాగలదు. మన దగ్గర పోలిక కావాలంటే పారిశ్రామిక వాడల్లోని ‘ఐలా’ కొంత దగ్గరగా ఉంటుంది. మున్సిపాలిటీకి బదులు ఆ వాడ వరకు తనే ఆస్తి పన్ను వసూలు చేసి రోడ్లు, కాలువలు చూసుకునే సంస్థ అది. కాకపోతే అందులో ఎవరి ఇళ్ళూ ఉండవు.

దేన్ని బట్టి పోల్చాలి

నేను చూసేవి అయిదు. ఏడాదికి అన్నీ కలిపి ఎంత. అది ఇంటి విలువతో పాటు పెరుగుతుందా, కదలకుండా ఉంటుందా. ఎప్పుడైనా ముగుస్తుందా, మనమే ముందుగా తీర్చేసుకోవచ్చా. నిర్ణయించేవాళ్ళు ఎవరు, వాళ్ళను మార్చే ఓటు మనకు ఉందా. ఫెడరల్ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా.

వీటిలో నాలుగోదాన్ని మనవాళ్ళు దాదాపు అడగనే అడగరు. మనకు అందరికంటే ఎక్కువ వర్తించేది అదే.

మడ్: అయిదుగురి బోర్డు, పైకప్పు లేని పన్ను

మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. 1917లో టెక్సాస్ రాజ్యాంగానికి చేసిన సవరణలో దీని వేళ్ళున్నాయి. రాష్ట్ర పర్యావరణ కమిషన్ గానీ శాసనసభ గానీ దీన్ని ఏర్పాటు చేస్తుంది. నీళ్ళు, మురుగు, వరద కాలువలు దీని అసలు పని. రోడ్లు, పార్కులు కూడా చాలావాటి చేతిలో ఉంటాయి.

దీని పుట్టుక ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. బాండ్లు అమ్మాలంటే డిస్ట్రిక్ట్ ఓటర్లు ఆమోదించాలి. కానీ అప్పటికి అక్కడున్నది చేను. అందుకని డెవలపర్లు ఆ భూమిలో ఒకటి రెండు ట్రెయిలర్ ఇళ్ళు దించి, కొద్దిమందిని అక్కడ నివాసం ఉండేలా ఏర్పాటు చేస్తారు. వాళ్ళ ఓట్లతో కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం వస్తుంది. మొదటి డైరెక్టర్లకు అర్హత కోసం చిన్న స్థలం ముక్క రాసివ్వడమూ మామూలే. డెవలపర్ బంధువులు, ఉద్యోగులు డైరెక్టర్లుగా కూర్చోకూడదని చట్టం ఉంది. ఇదంతా చట్టబద్ధమే. కానీ మీరు సంతకం పెట్టే నాటికి మీ ఇంటి మీద పడబోయే అప్పుకు మీకంటే ముందే ఎవరో ఓటేసి వెళ్ళిపోయారన్నది గుర్తుంచుకోండి.

ఆ బాండ్లకు హామీ మన పన్నే, రేటుకు గానీ మొత్తానికి గానీ చట్టపరమైన పరిమితి లేకుండా. వినడానికి భయంగానే ఉంటుంది. ఆచరణలో ఏం జరుగుతుందంటే, ఇళ్ళు నిండే కొద్దీ అదే అప్పును ఎక్కువమంది పంచుకుంటారు, రేటు తగ్గుతూ వస్తుంది. ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు తొంభై సెంట్ల దగ్గర మొదలై సగానికి దిగిన మడ్‌లు హ్యూస్టన్ చుట్టూ చాలా ఉన్నాయి. ఇక్కడ మెలిక ఒకటే. ఇళ్ళు అనుకున్న వేగంతో అమ్ముడుపోవాలి. మధ్యలో మార్కెట్ పడిపోయి సగం ప్లాట్లు ఖాళీగా ఉండిపోతే ఆ భారం ముందు వచ్చినవాళ్ళ మీద ఉంటుంది. అందుకే 100 ఇళ్ళున్న మడ్‌కీ, 1,500 ఇళ్ళు నిండిన మడ్‌కీ రేటు ఒకటే కనిపించినా, కొనేవాడికి అవి రెండు వేరు వేరు సరుకులు.

ఇక పాలన. బోర్డులో అయిదుగురు డైరెక్టర్లు, నాలుగేళ్ళ పదవీకాలం, ఎన్నికలు ఎక్కువగా సరి సంవత్సరాల మే నెలలో. బోర్డుకు సొంత ఉద్యోగులు దాదాపు ఉండరు. లాయరు, ఇంజినీరు, లెక్కలు చూసేవారు, ప్లాంటు నడిపే ఆపరేటరు, అందరూ బయటివాళ్ళే. సమావేశం చాలాసార్లు కమ్యూనిటీలో కాకుండా ఎక్కడో డౌన్‌టౌన్‌లోని లాయరు ఆఫీసులో, అదీ పని రోజు మధ్యాహ్నం జరుగుతుంది. డిస్ట్రిక్ట్‌లో 50 మంది ఓటర్లు చేరాక, అందులో అయిదుగురు రాతపూర్వకంగా కోరితే సమావేశ స్థలాన్ని డిస్ట్రిక్ట్ లోపలికి తెప్పించుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఎవరూ వెళ్ళని బోర్డులు ఉన్నాయి. పోటీ లేకపోతే ఎన్నికే రద్దవుతుంది, నామినేషన్ వేసినవాళ్ళే డైరెక్టర్లు. అంటే ఒక్క ఫారం నింపి ఇచ్చినందుకే నీటి ఛార్జీ, పన్ను రేటు, పార్కు బడ్జెట్ నిర్ణయించే కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎందరో. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవికి పడే పోటీ కూడా ఇక్కడ ఉండదు.

ఇప్పుడు మన సంగతి. ఆ ఎన్నికలో ఓటేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్‌-1బీ వాళ్ళకు లేదు, గ్రీన్‌కార్డు వాళ్ళకూ లేదు. ఇల్లు మీ పేరునే ఉన్నా, పన్ను మీరే కట్టినా ఓటు లేదు. గ్రీన్‌కార్డు కోసం ఈబీ-2 వరుసలో ఉన్న కుటుంబం పదేళ్ళకు పైగా ఒక మాట కూడా చెల్లని చోట ఏడాదికి నాలుగు వేల డాలర్లు కట్టొచ్చు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. అయినా చేతులు కట్టేసినట్టేమీ కాదు. అజెండాలోని అంశం మీద సమావేశంలో ఎవరైనా మాట్లాడవచ్చని 2019లో చట్టం తెచ్చారు, దానికి పౌరసత్వం అక్కర్లేదు. రికార్డులు అడగవచ్చు. హెచ్‌ఓఏలో మాత్రం ఓటు యజమానిదే, పౌరసత్వంతో పని లేదు.

ఇంకో మాట, ఇది మడ్ పక్షాన. చాలా మడ్‌లు సిటీ హద్దుకు బయట ఉంటాయి. అక్కడ సిటీ పన్ను ఉండదు. పోలీసులకు బదులు కౌంటీ షెరిఫ్, ఫైర్‌కు ఒక ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్, దాని పన్ను 100 డాలర్లకు 10 సెంట్లు దాటకూడదు. కాబట్టి మడ్ రేటును సున్నాతో కాదు, సిటీ పన్నుతో పోల్చాలి. సిటీ లోపలే ఉన్న మడ్ అయితే రెండూ పడతాయి. అది ముందే కనుక్కోండి.

పిడ్: లెక్క తెలిసిన అప్పు, సొంత బోర్డు లేని డిస్ట్రిక్ట్

పిడ్ అంటే పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. భూమి యజమాని అర్జీ పెడితే సిటీ కౌన్సిల్ గానీ కౌంటీ గానీ ఏర్పాటు చేస్తుంది. ఆ అర్జీ నాటికి యజమాని డెవలపరే. దీనికి తనదంటూ ఎన్నికైన బోర్డు ఉండదు, నిర్ణయాలు కౌన్సిల్‌వే. పన్ను కాదు, ‘అసెస్‌మెంట్’ అంటారు. మీ లాట్‌కు ఈ పనుల వల్ల ఎంత మేలు జరిగిందో లెక్కగట్టి మొదటే ఒక మొత్తం రాసేస్తారు. దాన్ని వాయిదాల్లో, సాధారణంగా 20 నుంచి 30 ఏళ్ళు, కట్టవచ్చు. లేదా ఒకేసారి చెల్లించి చేతులు దులుపుకోవచ్చు.

నాకు పిడ్‌లో నచ్చేది ఇదే. ఇంటి విలువ పెరిగినా అసెస్‌మెంట్ పెరగదు. పక్కన ఇళ్ళు అమ్ముడుపోకపోయినా మీ లాట్ మీద రాసిన మొత్తం అదే. ఎన్నేళ్ళు కట్టాలో మొదటిరోజే తెలుసు.

నచ్చనివీ ఉన్నాయి. విలువతో సంబంధం లేదు కాబట్టి విలువ తగ్గినా ఇది తగ్గదు, ఇంటికి కౌంటీ కట్టిన విలువ (అప్రైజల్) ఎక్కువని మీరు పెట్టి గెలిచిన ప్రొటెస్ట్ దీన్ని తాకదు. పిడ్ ఎక్కువగా సిటీ లోపలే ఉంటుంది కాబట్టి సిటీ పన్ను మీద ఇది అదనం. పార్కులు, పచ్చదనం నిర్వహణకు ఏటా వేసే భాగం కూడా కొన్ని పిడ్‌లలో ఉంటుంది, అది ముందుగా తీర్చేసేది కాదు. ఇక ఫెడరల్ ట్యాక్స్ లెక్క. మడ్ పన్ను విలువ మీద వేసే ఆస్తి పన్ను, మిగతా ఆస్తి పన్నులతో పాటు పరిమితికి లోబడి చూపించుకోవచ్చు. పిడ్‌లో రోడ్డు, పైపుల కోసం కట్టే అసలు సాధారణంగా అలా చెల్లదు, ఇంటి కొనుగోలు ఖర్చులో కలుపుకోవాలి. వడ్డీ, నిర్వహణ భాగాలను విడిగా చూపే కాగితం ఉంటే వాటి వరకు వేరే లెక్క. ఇది మీ ట్యాక్స్ అకౌంటెంట్ (సీపీఏ) దగ్గర తేల్చుకోండి.

పాత ఊళ్ళో ఇల్లు: డిస్ట్రిక్ట్ లేదు, అయినా ఉచితం కాదు

ప్లేనో, రిచర్డ్‌సన్, పాత ఫ్రిస్కో. అక్కడి పైపుల అప్పు ఎప్పుడో తీరింది, సిటీ కౌన్సిల్ ఉంది, అంతే. ఫ్రిస్కో సిటీ పన్ను చాలా ఏళ్ళుగా 100 డాలర్లకు 45 సెంట్ల లోపే. భారం ఇంటి ధరలోనూ, రూఫు, ఏసీ, పునాది రిపేర్లలోనూ కనిపిస్తుంది. ఓటు సంగతి మడ్‌తో సమానమే, పౌరులకే. కానీ ఇక్కడ మీతో పాటు వేల మంది ఓటర్లు, పేపర్లు, టీవీలు కౌన్సిల్‌ను గమనిస్తుంటారు. మడ్ సమావేశానికి ఆ కాపలా లేదు.

ఒక లెక్క

స్కూలు, కౌంటీ పన్నులు మూడు చోట్లా ఉంటాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాను. 5,00,000 డాలర్ల ఇల్లు, కింది రేట్లు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి.

| | సిటీ బయట మడ్ | సిటీ లోపల పిడ్ | పాత ఊరు |
|---|---|---|---|
| సిటీ పన్ను | లేదు | 60 సెంట్లు: 3,000 | 45 సెంట్లు: 2,250 |
| డిస్ట్రిక్ట్ | 85 సెంట్లు: 4,250 | 35,000 అసెస్‌మెంట్, 30 ఏళ్ళు: ఏటా సుమారు 2,600 | లేదు |
| ఎమర్జెన్సీ డిస్ట్రిక్ట్ | 10 సెంట్లు: 500 | లేదు | లేదు |
| ఏడాదికి | 4,750 | 5,600 | 2,250 |
| ఇంటి విలువ పెరిగితే | పెరగవచ్చు, రేటు తగ్గితే సర్దుకుంటుంది | సిటీ పన్ను వరకే పెరుగుతుంది | పెరుగుతుంది |
| ముందే తీర్చుకోవడం | కుదరదు | కుదురుతుంది | అవసరం లేదు |
| నిర్ణయం | అయిదుగురి బోర్డు | సిటీ కౌన్సిల్ | సిటీ కౌన్సిల్ |

‘మడ్ లేదు, పిడ్ మాత్రమే’ అని ఊరటగా చెప్పిన ఇల్లే ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ అయింది చూడండి.

ఇప్పుడు ఈ తేడాను ఇంటి ధరలోకి మార్చండి. మడ్ ఇంటికీ పాత ఇంటికీ ఏడాదికి 2,500 తేడా, నెలకు సుమారు 208 డాలర్లు. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ళ లోన్‌లో 208 డాలర్ల వాయిదాకు వచ్చే అప్పు సుమారు 33,000. అంటే అదే సైజు పాత ఇంటి ధర మడ్ ఇంటి ధర కంటే 33,000 మించి ఎక్కువైతే, నెలవారీ లెక్కలో మడ్ ఇల్లే తేలిక. అంతకంటే తక్కువ తేడా ఉంటే పాత ఇల్లు. ఇంత సూటి లెక్కను వదిలేసి ‘మడ్ ఉంటే వద్దు’ అని మంచి ఇళ్ళు వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఎవరికి ఏది

నాలుగైదేళ్ళలో మారిపోయే అవకాశం ఉన్నవాళ్ళు, వీసా మీద ఉన్నవాళ్ళు సగమే నిండిన కొత్త మడ్‌కు దూరంగా ఉండటం మంచిదని నా అభిప్రాయం. రేటు ఎక్కువున్న ఏళ్ళన్నీ మీరు కడతారు, తగ్గే నాటికి అమ్మేస్తారు. పైగా మీరు అమ్మేటప్పుడు అదే వీధిలో బిల్డర్ కొత్త ఇళ్ళు డిస్కౌంట్‌లో అమ్ముతుంటాడు. ఇలాంటివాళ్ళకు నిండిన మడ్‌లో రీసేల్ ఇల్లు గానీ, పాత ఊరు గానీ సరిపోతుంది.

పిల్లలు ఎలిమెంటరీలో ఉండి, హైస్కూలు అయ్యేదాకా కదలమనుకునేవాళ్ళకు మడ్ బాగానే కలిసొస్తుంది. పౌరసత్వం వచ్చినవాళ్ళయితే ఇంకా మంచిది, ఆ బోర్డులోకి వెళ్ళండి. తగ్గే రేటు దానంతటదే తగ్గదు. వడ్డీ తగ్గినప్పుడు పాత బాండ్లను మార్చుదామా, కొత్త బాండ్లు ఇప్పుడే అమ్మాలా అని ఎవరో ఒకరు అడగాలి.

చేతిలో డబ్బున్నవాళ్ళకు, ఇండియాలో ప్లాటు అమ్మిన సొమ్మో కంపెనీ షేర్లో ఉన్నవాళ్ళకు, పిడ్ బాగుంటుంది. అసెస్‌మెంట్ తీర్చేస్తే అమ్మేటప్పుడు ‘పిడ్ కట్టేశాం’ అని చెప్పుకోవచ్చు. తీర్చకుండా ఉంచితే మిగిలిన బాకీ కొనేవాడి నెత్తికి వెళ్తుంది, వాడు ధరలో అడుగుతాడు.

రిటైర్మెంట్ దగ్గరున్నవాళ్ళు ఒకటి గమనించాలి. 65 దాటాక స్కూలు పన్ను పెరగకుండా ఆగిపోయే వెసులుబాటు మడ్ పన్నుకు లేదు, పిడ్‌కూ లేదు. 2025లో 1,40,000 డాలర్లకు పెంచిన, సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు కూడా స్కూలు పన్నుకే. ఏడాదికి 10 శాతం మించి పన్ను వేసే విలువ పెరగకూడదన్న హోమ్‌స్టెడ్ పరిమితి మాత్రం మడ్‌కూ వర్తిస్తుంది.

అద్దెకిచ్చే ఇల్లయితే ఆ 10 శాతం రక్షణ లేదు. లెక్క కఠినంగా వేసుకోండి.

‘సిటీలో కలిపేస్తారు, మడ్ పోతుంది’ అంటే?

ఒకప్పుడు నిజంగా జరిగేది. కింగ్‌వుడ్‌ను హ్యూస్టన్ 1996లో, న్యూ టెరిటరీ, గ్రేట్‌వుడ్‌లను షుగర్‌ల్యాండ్ 2017 డిసెంబరులో కలుపుకున్నాయి. మడ్ అప్పు సిటీ తీసుకుంది, సిటీ పన్ను వచ్చింది. కానీ 2019 చట్టం తర్వాత అక్కడివాళ్ళ అంగీకారం లేకుండా సిటీ కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. సేల్స్ ఆఫీసులో ఎవరైనా ఆ మాట చెబితే ధరలో దానికి ఒక్క డాలరు కూడా లెక్క కట్టకండి. పైగా అక్కడివాళ్ళకే సిటీ కావాలని ఉండకపోవచ్చు. ఎన్నో డిస్ట్రిక్ట్‌ల మీద నడిచే వుడ్‌ల్యాండ్స్‌లో 2021 నవంబరులో ‘మనమే సిటీ అవుదామా’ అని ఓటు పెడితే వద్దన్నారు.

టెక్సాస్ బయట ఉన్నవాళ్ళకు

ఫ్లోరిడాలో దీని పేరు సీడీడీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్), 1980 చట్టం. లేక్‌వుడ్ రాంచ్, జాక్సన్‌విల్ దగ్గర నోకటీ అలాంటివే. మొదట్లో బోర్డును ఎకరానికి ఒక ఓటు లెక్కన భూమి యజమానులు ఎన్నుకుంటారు, అంటే డెవలపరే. సాధారణంగా ఆరేళ్ళు గడిచి, కనీసం 250 మంది ఓటర్లు చేరాక నివాసుల చేతికి మారుతుంది. బిల్లులో అప్పు భాగం, నిర్వహణ భాగం విడిగా ఉంటాయి. అప్పు భాగం పిడ్‌లా తీర్చుకోవచ్చు, నిర్వహణ భాగం ఎప్పటికీ ఉంటుంది. అంటే మడ్ బోర్డు, పిడ్ లెక్క రెండూ కలిసిన రకం.

కాలిఫోర్నియాలో మెల్లో-రూస్. 1978లో ప్రపొజిషన్ 13 ఆస్తి పన్నుకు కళ్ళెం వేశాక, 1982లో ఈ దారి తెరిచారు. విలువ మీద కాకుండా సూత్రం ప్రకారం వేసే ప్రత్యేక పన్ను అది. అర్వైన్‌లో కొనేవాళ్ళు ఏటా అది ఎంత శాతం పెరిగేలా రాసుందో తప్పక అడగాలి.

సంతకానికి ముందు

నేను కొన్నప్పుడు సేల్స్ ఆఫీసు ఇచ్చిన నెలవారీ లెక్క చూసి సంతోషపడ్డాం. అందులో పన్ను ఖాళీ స్థలం విలువ మీద వేసిందని తర్వాత తెలిసింది. పన్నుకు చూసేది జనవరి 1 నాటి విలువ, ఆ రోజుకు అక్కడ ఉన్నది స్థలమే కదా. రెండో ఏడాది పూర్తి ఇంటి విలువ మీద బిల్లు వచ్చింది, పన్ను కోసం లెండర్ నెలనెలా పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలో వేల డాలర్ల లోటు. నెల వాయిదా ఒక్కసారిగా పెరిగి, ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకున్నాం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అడగాల్సింది మేము అడగలేదు. పూర్తయిన ఇంటి ధర మీద, డిస్ట్రిక్ట్‌తో సహా అన్ని రేట్లు కలిపి లెక్క వేసి ఇవ్వమని లెండర్‌ను రాతపూర్వకంగా అడగండి.

మడ్‌కైనా పిడ్‌కైనా అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకు చట్టప్రకారం నోటీసు ఇవ్వాలి. క్లోజింగ్ రోజు కట్టలో ఒకటిగా సంతకం పెట్టేయకుండా, కాంట్రాక్టుకు ముందే తెప్పించుకోండి. మడ్ నోటీసులో మూడు అంకెలు వెతకండి: ఇప్పటి రేటు, ఓటర్లు ఆమోదించిన మొత్తం బాండ్లు, ఇప్పటిదాకా అమ్మిన బాండ్లు. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా ఎంత పెద్దదైతే అంత అప్పు ఇంకా ముందుంది. ఆ తేడా చూసి, ఎన్ని ఇళ్ళు పూర్తయ్యాయో, ఇంకా ఎన్ని కట్టాలో డిస్ట్రిక్ట్ ఇంజినీరు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. పిడ్ నోటీసులో మీ లాట్ మీద మిగిలిన అసెస్‌మెంట్, వాయిదాలు ముగిసే ఏడాది చూడండి.

కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అదే వీధిలోని ఇంకో ఇంటి చిరునామా కొడితే ఏయే సంస్థలు పన్ను వేస్తున్నాయో వరుసగా కనిపిస్తాయి. రోడ్డుకు అవతలి ఇంటిదీ చూడండి. పెద్ద కమ్యూనిటీల్లో ఒక పేరు కింద చాలా మడ్‌లు ఉంటాయి, ఎదురెదురు ఇళ్ళకు రేటు వేరుగా ఉండొచ్చు. ఒక ఆదివారం అరగంట చాలు. వీలైతే ఆ డిస్ట్రిక్ట్ తర్వాతి సమావేశం ఎప్పుడో చూసి, కొనకముందే ఒకసారి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోండి. అక్కడ ఎంతమంది నివాసులు వచ్చారో లెక్కపెట్టండి.